తుపాను వెలిశాక తలదాపు ఎక్కడ? సాయం ఎట్లా?

తుపాను అంటే కోస్తావాళ్ళ కష్టం అని మన వైపు అనుకుంటాం. మనకు సముద్రం కనుచూపు మేరలో లేదు, నిజమే. అయినా 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటితే ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో కోతకొచ్చిన వరి, కాపు మీదున్న మిరప దెబ్బతిన్నాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర ఒడ్డెక్కితే మర్నాడు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ జిల్లాలను వాన ముంచెత్తింది. పత్తి తీత, వరి కోత రెండూ ముందున్న రోజులవి. కోస్తాలో తుపాను గాలిగా వస్తుంది, మన అడవి అంచుకు వచ్చేసరికి వాగుగా మారుతుంది. అంతే తేడా.

కోస్తా పల్లెల్లో 1977 దివిసీమ ఉప్పెన తరవాత తుపాను షెల్టర్లు కట్టారు. మనకు అట్లాంటి కట్టడాలు లేవు. బడి, ఆశ్రమ పాఠశాల, రైతు వేదిక, ఎత్తు మీదున్న గుడి, లేకపోతే గుట్ట. తల దాచుకోవడం ఒక పని. పోయినదాన్ని కాగితం మీదికి ఎక్కించుకోవడం ఇంకో పని. మొదటిది ప్రాణానికి, రెండోది వచ్చే పంటకు. చిన్న రైతు రెండోదాన్ని వదిలేసి నష్టపోతున్నాడు. అందుకే ఈ వారం ఆ రెండింటి గురించి చెప్పుకుందాం.

గోదావరి వేరు, వాగు వేరు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ నీరు మన వానతో వచ్చేది కాదు. పైన ప్రాణహిత, ఇంద్రావతి పొంగితే ఇక్కడికి వస్తుంది. కాబట్టి రేడియోలో, టీవీలో పై నుంచి ఎంత నీరు దిగుతోందో విని సర్దుకునే వ్యవధి ఉంటుంది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. ఆ నాడు భద్రాచలం వంతెన మీద రాకపోకలే ఆపేశారు. బూర్గంపాడు, అశ్వాపురం, దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో పల్లెలకు పల్లెలు ఖాళీ చేయవలసి వచ్చింది. రెండో హెచ్చరిక పడిందంటే ముంపు పల్లెల వాళ్ళు గొడ్డూ గోదా, ముసలీ ముతకా కదలాలి. మూడోది పడేదాకా చూద్దాం అనుకుంటే దారి ఉండదు.

వాగు సంగతి అట్లా కాదు. రాత్రి కొట్టిన వానకు తెల్లారేసరికి మీ మీదికి వస్తుంది. 2024 జులై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు పొంగి, కట్ట తెగింది. పొలం పనికి పోయినవాళ్ళు నీళ్ళ నడుమ చిక్కుకుంటే హెలికాప్టరుతో బయటికి తేవలసి వచ్చింది. దిగువన వేలేరుపాడు మండలం పల్లెల్లో ఇళ్ళు, గొడ్లు పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచింది. వాగు పక్క చేలున్నవాళ్ళు గోదావరి అడుగుల లెక్క చూసి ధీమాగా ఉండకూడదు. తుపాను వార్త వినగానే వాగు అవతల పని పెట్టుకోవద్దు. కాలినడక దారి మీద మోకాలెత్తు నీరు పారుతుంటే ట్రాక్టరు మీదనైనా దిగవద్దు. నీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైకి తెలియదు.

గొడ్లను వదిలి రాము అనేవాళ్ళకు

పునరావాస కేంద్రానికి రమ్మంటే మన రైతు అడిగే మొదటి మాట ఇదే: నా గొడ్లో? అధికారులు దీన్ని మొండితనం అంటారు. కాదు. రెండెకరాలవాడికి కాడెద్దులే ఆస్తి, అవి పోతే వచ్చే ఏడు సేద్యం లేదు. కాబట్టి గొడ్లకు చోటు ముందు చూసుకుంటే మనిషి తనంతట తానే కదులుతాడు.

వానాకాలం మొదట్లోనే ఊళ్ళో నలుగురు కూర్చుని మెరక చోటు ఒకటి అనుకోవాలి. గుట్ట వాలు, పాత కల్లం, బడి వెనక బీడు, ఏదైనా సరే. నీరు నిలవకుండా, పెద్ద చెట్లు మీద పడకుండా ఉండాలి. సర్పంచికి, పశువైద్యుడికి ఆ చోటు ముందే చెప్పి ఉంచండి. 2022–26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం నిబంధనల్లో పశువుల శిబిరానికి కూడా పద్దు ఉంది. పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్నదానికి 45 రూపాయలు మేతకు ఇవ్వవచ్చు. అడిగే ఊరు లేక ఆ పద్దు కింద మన వైపు శిబిరాలు అరుదుగా కనిపిస్తాయి.

తోలుకుపోవడానికి వ్యవధి లేనప్పుడు కనీసం పలుపులు విప్పండి, దొడ్డి తడిక తీసేయండి. కట్టేసిన గొడ్డు మునిగి చస్తుంది. విడిచిన గొడ్డు ఈది మెరక పట్టుకుంటుంది. మేకలు, గొర్రెలు అంత ఈదలేవు, వాటిని ముందు తరలించాలి. విడిచేముందు పశువు చెవికి ఉన్న పసుపుపచ్చ పోగు మీది 12 అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. సెల్లుంటే ఫోటో తీయండి. ఎందుకో తరవాత చెబుతాను.

నీరు తీసిన వారం రోజుల్లో గొంతువాపు, జబ్బవాపు, గొర్రెల్లో చిటుకు రోగం తలెత్తుతాయి. టీకాలు తొలకరికి ముందే వేయించి ఉంటే సగం దిగులు ఉండదు. బూజు పట్టిన వరిగడ్డి పెట్టవద్దు. తడిసిన గడ్డిని పలచగా పరిచి, ఎండకు తిరగేసి ఆరబెట్టి, ఉప్పునీళ్ళు చిలకరించి వేయండి. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈ సౌకర్యం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.

కేంద్రంలో పేరు, గుట్ట మీద గుడారం

పునరావాస కేంద్రంలో అన్నం, నీళ్ళు, మందులు దొరుకుతాయి. దానికన్నా ముఖ్యం అక్కడ రాసే జాబితా. మనవాళ్ళలో చాలామంది కేంద్రానికి పోకుండా బావమరిది ఊరికో, కూతురింటికో పోతారు. అది మంచి ఆసరానే, బడి గదిలో నలభై మందితో పడుకోవడం కన్నా మేలే. కానీ పోయేముందు కేంద్రంలోనో, పంచాయతీ కార్యదర్శి దగ్గరో ఇంటిల్లిపాది పేర్లు రాయించి పోండి. 2022 వరదకు తెలంగాణ ప్రభుత్వం ముంపు కుటుంబానికి 10,000 రూపాయలు, రెండు నెలలపాటు 20 కిలోల బియ్యం ప్రకటించింది. 2024లో ఖమ్మం వైపు ఇళ్ళు మునిగినవాళ్ళకు మొదట 10,000 అని, తరవాత 16,500 చేసింది. ఇట్లాంటివి పంచేటప్పుడు జాబితా చూస్తారు గాని మీ బావమరిదిని అడగరు.

నెలలు నిండిన ఆడవాళ్ళను నీరు రాకముందే భద్రాచలం ఏరియా ఆసుపత్రికి చేర్చండి. ఆశా కార్యకర్తకు చెబితే ఆమె చూసుకుంటుంది. దారి మూసుకుపోయాక 108 రాలేదు.

గుట్టెక్కక తప్పనివాళ్ళూ ఉన్నారు. 2022లో వేలేరుపాడు, కుక్కునూరు, వరరామచంద్రాపురం మండలాల జనం గుట్టల మీద టార్పాలిన్ గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉన్నారు. గుడారం నీళ్ళు దిగే జాలులో వేయవద్దు, ఎండు చెట్టు కింద వేయవద్దు. వెదురు గుంజలు మూరెడు లోతు పాతి, చుట్టూ జానెడు కాలవ తీసి, వాన ఏ గాలి మీద కొడుతోందో చూసి ఆ వైపు మూయండి. మంచాలు లేకపోతే వెదురు తడిక మీద పడుకోండి. పాములు కూడా మెరకకే వస్తాయి. కట్టెల మోపుల మీద చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. పాము కరిస్తే కట్టుకట్టి కోయడాలు, నాటు మందులు వద్దు, కదలకుండా ఆసుపత్రికి మోయాలి. దోమతెరలు మరిచిపోవద్దు. మన ఏజెన్సీలో వరద పోయాక మలేరియా రావడం కొత్త కాదు. క్లోరిన్ బిళ్ళలు పంచితే డబ్బా మీద రాసిన లెక్క ప్రకారం వేసి అరగంట ఆగి తాగండి, లేకపోతే కాచి చల్లార్చండి.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుంపులు కట్టుకున్న గుత్తికోయ కుటుంబాలకు రేషన్ కార్డు కూడా ఉండదు. వాళ్ళు ఏ జాబితాలోకీ రారు. ఊరివాళ్ళు పూనుకుని వాళ్ళ గుంపు పేరు, మనుషుల లెక్క ఐటీడీఏకు చెబితేనే బియ్యం అందుతాయి. మీ మిరప తోటలో కాయ కోసేది వాళ్ళే కదా.

ఇంటికి పోయే తొందర

నీరు తీయగానే ఇంటికి ఉరకడం సహజం. మట్టిగోడ ఇంటికి అసలు గండం అప్పుడే. నీళ్ళలో ఉన్నన్నాళ్ళు నిలబడిన గోడ, నీరు తీసి అడుగు ఎండేటప్పుడు కూలుతుంది. గోడ మొదట్లో మట్టి పెచ్చులూడుతున్నా, దూలం దగ్గర బీట కనిపించినా పగలు సర్దుకుని రాత్రి కేంద్రంలోనే పడుకోండి. పిల్లల్ని ఆ గోడ పక్కన పడుకోబెట్టవద్దు. తెగిన తీగలు ముట్టవద్దు. మునిగిన మోటారు, స్టార్టరు ఆరబెట్టి మెకానిక్ చూసేదాకా స్విచ్ వేయవద్దు. బావిలో బ్లీచింగ్ వేయించాకే నీళ్ళు తోడండి.

ఇక్కడ ఒక మాట. కూలిన గోడను వెంటనే తీసేసి, పెంకులు ఏరి, కొత్త గుంజలు నాటేయడం మనకు అలవాటు. ఆగండి. ముందు ఫోటో తీయించండి, సర్వేకు వచ్చినవాళ్ళకు చూపించండి, అప్పుడు ముట్టండి. శుభ్రం చేసిన ఇంట్లో నష్టం ఎవరికీ కనిపించదు.

గుడిసె అని రాస్తే ఒకటి, ఇల్లు అని రాస్తే ఒకటి

ఈ పేరా రెండుసార్లు చదవండి. 2022–26 కేంద్ర నిబంధనల్లో పూర్తిగా పడిపోయిన ఇంటికి, అది పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా, మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు. గుడిసెకు 8,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. ఇంటిని ఆనుకున్న పశువుల పాకకు 3,000. కచ్చా ఇల్లు అంటే మట్టిగోడలు, పెంకులు ఉన్న కాపురపు ఇల్లు. గుడిసె అంటే అంతకంటే తక్కువది, ఆకులతో, మట్టితో, ప్లాస్టిక్ పట్టాలతో తాత్కాలికంగా నిలబెట్టినది.

మన గూడేల్లో తడిక గోడకు మట్టి మెత్తి పైన పెంకు వేసిన ఇల్లు తరాల నుంచి కాపురం ఉన్న ఇల్లు. సర్వేకు వచ్చిన కుర్రవాడు దాన్ని చూసి 'గుడిసె' అని ఒక్క మాట రాశాడంటే లక్షా పన్నెండు వేలు తేడా పడుతుంది. రాసేటప్పుడు పక్కన నిలబడి ఏమి రాశారో చదివించుకోండి. ఇంటి పన్ను రసీదు ఉంటే చూపించండి. అనుమతి ఉన్న కట్టడమేనని అధికారి ధ్రువీకరించాలన్నది కూడా నిబంధనే, ఆ రసీదు అందుకు పనికొస్తుంది. ఇల్లు కొట్టుకుపోయినా, రోజుల తరబడి మునిగినా బట్టలకు 2,500, గిన్నెలకు 2,500 వేరే పద్దు ఉంది. ఇంటి సాయం ఇచ్చాం కదా అని దీన్ని మరిపిస్తే గుర్తు చేయండి.

గొడ్డు లెక్క, పంట లెక్క

చచ్చిన పశువును వాసన వస్తుందని ఆత్రంగా పూడ్చేయవద్దు. పశువైద్యుడు చూసి ధ్రువపత్రం ఇచ్చాకే పూడ్చండి. పాడి ఆవు, గేదెకు 37,500, కాడెద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రె, మేకకు 4,000 చొప్పున ఆ నిబంధనల్లో ఉంది. పాడి పశువులు మూడింటికి, చిన్నవి ముప్పైకి మించి ఇవ్వరు. కోడికి 100. కొట్టుకుపోయిన గొడ్డుకు చూపించడానికి ఏమీ మిగలదు. చెవి పోగు అంకెలు రాసిపెట్టుకోమన్నది అందుకే. ఇద్దరు సాక్షులతో పంచనామా చేయించి ఆ నంబరు అందులో వేయించండి.

పంటకు 33 శాతం, ఆపైన నష్టం ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. కేంద్ర నిబంధన ప్రకారం వర్షాధారానికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, అదీ రెండు హెక్టార్ల దాకా. ఎకరం లెక్కన చూస్తే మూడున్నర వేలలోపు, ఏడు వేలలోపు. మిరప ఎకరం మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది దేనికీ చాలదు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. 2023 మార్చి వడగళ్ళ వానకు, 2024 వరదలకు తెలంగాణ ప్రభుత్వం ఎకరానికి 10,000 ప్రకటించింది. ఏ విపత్తుకు ఎంత అన్నది ఆ ప్రభుత్వ ఉత్తర్వులో ఉంటుంది, కాబట్టి ఉత్తర్వు చదివించుకోండి.

తెలంగాణలో పంట నష్టం రాసేది వ్యవసాయ విస్తరణాధికారి. వీఆర్వోలు 2020లోనే పోయారు, 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు వచ్చారు. వీళ్ళు మీ చేను దగ్గరికి వచ్చే రోజు తెలుసుకుని అక్కడ ఉండాలి. రోడ్డు పక్క నాలుగు చేలు చూసి ఊరంతటికీ ఒకే శాతం వేసిన సందర్భాలు రైతులకు తెలియనివి కావు. లోపలి చేను మీదైతే మీరే తీసుకుపోయి చూపించండి.

ఇసుక మేట సంగతి విడిగా అడగాలి. మూడు అంగుళాలకు మించి ఇసుక గాని ఒండ్రు గాని పడ్డ చేనుకు, చిన్న, సన్నకారు రైతులకు, దాన్ని ఎత్తిపోయడానికి హెక్టారుకు 18,000 చొప్పున సాయం ఉంది. అదే పనికి ఇంకో పథకం కింద డబ్బు తీసుకుని ఉండకూడదు. నది చేనునే కోసుకుపోతే హెక్టారుకు 47,000. మేట మీద తడిగా ఉండగానే నాలుగైదు చోట్ల గుంట తీసి, స్కేలు నిలబెట్టి ఫోటో తీయండి. పై ఒక్క అంగుళం చూసి పోనివ్వవద్దు.

కాగితం లేని సేద్యం

అసలు చిక్కు ఇక్కడ ఉంది. పోడు చేనుకు 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కుపత్రం వచ్చినవాళ్ళు, అంటే తెలంగాణలో 2023 జూన్ ఆఖరు నుంచి పంచినవాటితో కలిపి, దాని జిరాక్సు విస్తరణాధికారికి ముందే ఇచ్చి పంట నమోదు చేయించుకోవాలి. పంట నమోదులో లేని చేను మునిగినా మునగనట్టే. హక్కుపత్రం రానివాళ్ళకు పంట సాయం దొరకడం కష్టం. కానీ ఇంటికి, గొడ్లకు, బట్టలకు, గిన్నెలకు ఇచ్చేది భూమి పట్టాతో ముడిపడిన సాయం కాదు. పట్టా లేదు కదా అని వాటిని కూడా వదులుకుంటున్నారు.

నోటిమాట కౌలుదారుకు మరీ ఇబ్బంది. డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరుడు గిరిజనుడి భూమి కౌలుకు చేసినా దానికి చెల్లే కాగితం పుట్టదు. మిగతా చోట్ల విత్తేనాడే పట్టాదారుతో మాట అనుకోండి: పంటకు నష్టపరిహారం వస్తే అది పెట్టుబడి పెట్టినవాడిదని ఇద్దరు పెద్దమనుషుల ముందు చెప్పించండి. పంట పోయాక ఆ మాట ఎత్తితే తగాదా అవుతుంది.

ఇల్లు ఒక రాష్ట్రం, చేను ఒక రాష్ట్రం

2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం చుట్టూ విచిత్రమైన పరిస్థితి వచ్చింది. ఏటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలు ఆంధ్రలో ఉన్నాయి. వాళ్ళకు దగ్గరి ఆసుపత్రి, బజారు, బస్టాండు భద్రాచలమే. పెద్దవాగు కట్ట తెలంగాణలో ఉంది, ఆయకట్టు ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. నీళ్ళకు సరిహద్దు తెలియదు, పద్దులకు మాత్రం తెలుసు.

నీరు వచ్చేటప్పుడు రాష్ట్రం చూసుకోవద్దు, ఏ మెరక దగ్గరైతే అక్కడికి పోండి. తరవాత మాత్రం ఇంటి నష్టం ఇల్లున్న మండలంలో, పంట నష్టం చేనున్న మండలంలో రాయించాలి. భద్రాచలంలో తల దాచుకున్న ఏటపాక మండలంవాళ్ళు ఫోనులోనైనా సొంత ఊరి సచివాలయానికి తమ పేర్లు చెప్పాలి. ఆంధ్ర వైపు పంట ఈ-క్రాప్‌లో ఎక్కిందో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోవాలి. రెండు చోట్లా చేలున్నవాళ్ళకు రెండు తిరుగుళ్ళు తప్పవు. ఒక మండలంలో చెప్పింది ఇంకో రాష్ట్రం మండలానికి దానంతటది చేరదు.

ఒక డబ్బా సిద్ధంగా పెట్టుకోండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టా గాని హక్కుపత్రం గాని, ఇంటి పన్ను రసీదు, చెవి పోగుల నంబర్లు, వీటి జిరాక్సులు ప్లాస్టిక్ కవరులో చుట్టి మూత గట్టి డబ్బాలో వేసి దూలానికి కట్టండి. కదిలేటప్పుడు బియ్యం సంచికన్నా ముందు దాన్ని దించాలి. బ్యాంకు అప్పున్నవాళ్ళు మండలం విపత్తు జాబితాలో ఉందో లేదో తెలుసుకుని, పంట రుణాన్ని వాయిదాల రుణంగా మార్చమని మేనేజరుకు అర్జీ ఇవ్వండి. నోటితో అడిగితే లాభం లేదు.

జాబితా పంచాయతీలో అంటించాక మీ పేరు, విస్తీర్ణం, శాతం, ఖాతా నంబరు నాలుగూ చూసుకోండి. ఖాతాలో ఒక్క అంకె తప్పినా డబ్బు రాదు. పేరు లేకపోతే సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి ఉంటుంది, గిరిజనులకు భద్రాచలం ఐటీడీఏలో దర్బారు ఉంటుంది. అర్జీ రెండు ప్రతులు రాసుకుపోయి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని రండి.